యోవ్వా నల్ల సంచీ

హూదిక్స్‌వాల్,
జూన్ 3.

టూవెకు నాన్న ఆశీస్సులు.

ఇక్కడ నేను క్షేమం. "ఇక్కడ మేమందరం క్షేమం" అని రాయడం ఇన్నేళ్ళ అలవాటు కదా, చెయ్యి దానంతట అదే రాయబోయింది. ఆపాను. ఆ మాటకు సరిపడా మనుషులు ఇప్పుడీ ఇంట్లో లేరు. గోథెన్‌బర్గ్‌లో నువ్వు, అల్లుడు హెన్నింగ్, చంటిది కులాసాగా ఉన్నారని తలుస్తాను.

ఫోన్లో మాట్లాడితే అరుచుకుంటున్నాం, ఇక మీదట ఉత్తరాలే రాసుకుందాం అన్నావు. మంచిదే. కాగితం మీద అరవడానికి ఓపిక ఉండాలి, మనిద్దరికీ అది తక్కువ. నువ్వడిగినవాటికి వరసగా జవాబులు రాస్తాను. తేలికవి ముందు.

తింటున్నానా అని అడిగావు. తింటున్నాను. గురువారం బఠానీ సూపు మానలేదు. కాకపోతే బఠానీ సూపు ఒక్కడికి సరిపడా చేయడం మీ అమ్మకే కాదు, ఎవరికీ రాదనుకుంటాను. గురువారం చేసింది సోమవారం దాకా అదే. మంగళవారం ఉపవాసంలా ఉంటుంది, బావుంటుంది. నిద్ర పడుతోంది. మోకాలి నొప్పి ఎప్పటిలాగే ఉంది.

హెన్నింగ్ స్నేహితుడు అమ్మ మోటారుసైకిలు కొంటానన్నాడని రాశావు. ముందు ఫోర్కు వంగిపోయింది, ట్యాంకు సొట్టపడింది. బాగు చేయించుకుంటానంటే తీసుకుపొమ్మను. గ్యారేజీలో దాన్ని చూసి నేను కన్నీళ్ళు పెట్టుకుంటానని నీకెవరు చెప్పారో గాని, అదేమీ లేదు. చలికాలం చెక్కలు పేర్చుకోవడానికి అడ్డంగా ఉంది, అంతే. నా బండి మాత్రం ఇంకా కొన్నాళ్ళు ఉంచుకుంటాను.

ఇక మూడోది. "ప్రతి జూలై నన్ను అమ్మమ్మ దగ్గర వదిలేసి ఆ కంకర రోడ్ల మీద మీకేం దొరికిందసలు?" అని రాశావు. ఆ 'అసలు' కింద గీత కూడా గీశావు.

ఏం దొరికిందో నాకూ సరిగ్గా తెలియదు. నేను చూసింది చాలావరకు మీ అమ్మ వీపు. ముప్పై వేసవులు. నార్వే తీరం, ఫిన్‌లాండ్ అడవులు, ఇంకా ఉత్తరాన చెట్లు కూడా మొలవడం మానేసిన బయలు. అన్నిటికీ ముందు ఒక వీపు, దాని వెనక దుమ్ము, ఆ దుమ్ము వెనక నేను. మీ అమ్మ ఏడాదంతా బస్సు నడిపేది. "పదకొండు నెలలు ఊరు ఊరంతా నా వెనక కూర్చుంటుంది మాస్టారూ. ఒక్క నెల నా వెనక ఎవ్వరూ కూర్చోడానికి వీల్లేదు. నువ్వైనా సరే," అనేది. నేను లెక్కలు చెప్పడం మానేసి ఎన్నాళ్ళయినా ఆవిడకు మాస్టార్నే. అందుకే రెండు బండ్లు.

తారు రోడ్డు కనిపిస్తే ఆవిడ మొహం ముడుచుకునేది. అది పని ఉన్నవాళ్ళకట. మా దారులు మ్యాపులో సన్నటి చుక్కల గీతలు. దుంగల లారీలు తప్ప ఏవీ తిరగనివి, వానకు సబ్బులా జారేవి, ఎండకు పిండిలా లేచేవి. కంకర మొదలయ్యేచోట దిగి, పట్టు కోసం టైర్లలో గాలి తగ్గించేవాళ్ళం. తారు వచ్చినచోట మళ్ళీ చేతిపంపుతో కొట్టేవాళ్ళం. 'వాళ్ళం' అన్నాను గాని, కొట్టేది నేను. ఆవిడ పక్కన రాయి మీద కూర్చుని పొయ్యి వెలిగించి, వాళ్ళ ఊరి పద్ధతిలో కాఫీలో చీజ్ ముక్కలు వేసుకుని, నానాక చెంచాతో తీసుకు తింటూ నన్ను చూసేది.

"మెల్లిగా కొట్టు మాస్టారూ. టైర్లో గాలి అయిపోతే పంపుంది. నీలో అయిపోతే నా దగ్గరేం లేదు."

ఒకసారి నార్వే ఉత్తరపు కొసన, రోడ్డు గీకి చదునుచేసే బండి నడిమధ్యన వదిలిపోయిన కంకర గట్టు ఎక్కి పడ్డాను. కాలు బండి కింద ఇరుక్కుంది. ముందు పోయినావిడ వెనక్కి వచ్చింది. హెల్మెట్ అద్దం పైకెత్తి, దిగకుండానే అడిగింది: "లేస్తావా, ఇక్కడే జెండా పాతమంటావా?" లేచాను. మళ్ళీ ఆ వీపు, ఆ దుమ్ము.

ఇందులో ఏం దొరికిందని అడుగుతున్నావు. దొరికిందేదో తూకం వేసి చూపించలేను. నువ్వు ఆ నెలంతా అమ్మమ్మ వంటింట్లో కూర్చుని పటం మీద వేలు పెట్టి మా కోసం వెతికేదానివని చాలా ఆలస్యంగా తెలిసింది. దానికి మీ అమ్మ ఏం జవాబు చెప్పేదో నాకు తెలియదు.

అమ్మను ఆ వయసులో ఆ రోడ్లకు ఎందుకు తీసుకెళ్ళావన్నావు. ఈ మాట ముందు మీ గున్నెల్ పెద్దమ్మ అన్నది. చర్చి బయట, అందరూ కాఫీ కప్పులు పట్టుకుని నిలబడి ఉండగా.

"మనవరాల్ని ఎత్తుకోవాల్సిన వయసులో మా చెల్లెల్ని అడవులెంట తిప్పావు కదయ్యా స్తూరె."

"నేను తిప్పలేదు వదినా."

"అయితే అదే తిరిగిందా? ఒక్కతే?"

నేను కాఫీ తాగాను. ఆవిడ చెల్లెలు పోయింది, ఏమన్నా పడాలి. కానీ నీకు రాస్తున్నాను గనక సరిగ్గా రాస్తాను. మీ అమ్మను ఎవరూ ఎక్కడికీ తీసుకెళ్ళలేదు. ఎక్కడికైనా ఆవిడే వెళ్ళేది. నేను వెంట ఉండేవాణ్ణి.

ఇక కష్టమైనవి రెండు మిగిలాయి. మే నెలలో నాతో చెప్పకుండా అమ్మ పోయిన ఆ రోడ్డుకు ఎందుకు వెళ్ళావు అన్నది ఒకటి. అర్జీ కాగితాలు పంపి ఇన్ని వారాలైనా సంతకం ఎందుకు పెట్టలేదు, ఆ రోజు అమ్మ వెనక అంత దూరంలో ఎందుకున్నావు, గొడవపడ్డారా అన్నది రెండోది. నీకు అవి వేరువేరు సంగతులనిపించాయి. నాకు ఒకటే.

పోయిన జూలైలో నువ్వు పేపరుకు రాసిన ఉత్తరం నా దగ్గరుంది. "యోవ్వా అనే కాపరి తన రెయిన్‌డీర్ల గుంపును రోడ్డు మీదకు వదిలాడు. ఒక్క సంచీ కూడా కట్టలేదు. మా అమ్మ ప్రాణం అతనికి ఒక చెత్త సంచీపాటి చేయలేదు." బాగా రాశావు. వాక్యం అలా విరచడం నీకు మీ అమ్మ దగ్గర్నుంచి రాలేదు, నా దగ్గర్నుంచే వచ్చింది. దాన్ని ఎంతమంది చదివారో, ఎంతమంది ఎన్ని చోట్ల మళ్ళీ వేసుకున్నారో నీకే బాగా తెలుసు. ఇప్పుడీ రెండోది, ఆ మనిషిని ఆ రోడ్డు పక్క మేపనివ్వకూడదని కాపరుల సంఘానికి పెట్టే అర్జీ. ఆ రోజు ఆ రోడ్డు మీద ఉన్నవాణ్ణి గనక నా సంతకం ఉంటే బలం. సంతకం పెట్టేముందు ఆ చోటు ఇంకొకసారి చూడాలనిపించింది. చెబితే నువ్వూ వస్తానంటావు. అందుకే చెప్పలేదు.

బండి మీదే వెళ్ళాను. తాల్‌ట్రేస్క్ ఊరు దాటి కంకర మొదలయ్యేచోట దిగి గాలి తగ్గించాను. రోడ్డు ఇంకా మంచు కరిగిన తడితోనే ఉంది, చక్రం కూరుకుపోతోంది. మంచులో రోడ్డు అంచు తెలియడానికి పాతే కర్రల్లో మొదటిదానికి నల్ల సంచీ కనిపించింది.

ఆ సంచీల సంగతి నీకు తెలిసినదే. అయినా వరస తప్పకుండా రాస్తున్నాను. గుంపు రోడ్డు దగ్గరికి వచ్చినప్పుడు, వచ్చే బండ్లకు హెచ్చరికగా కాపరి కర్రకు సంచీ కట్టాలి, గుంపు దాటాక విప్పాలి. కట్టడం అందరూ కడతారు. విప్పడం ఎవరూ విప్పరు. అవి వేసవంతా, మళ్ళీ మంచు పడేదాకా, చీలికలై ఊగుతుంటాయి. కొత్తగా వచ్చినవాళ్ళు వాటిని చెత్త అనుకుంటారు. తెలిసినవాళ్ళు పాతవి అనుకుంటారు. ఇద్దరూ ఒకే వేగంతో పోతారు.

నేను వేగం తగ్గించాను. రెండో కర్రకూ సంచీ ఉంది. తగ్గించాను. మూడోదానికీ ఉంది. ఆ రోడ్డు పొడుగునా, రెండు వైపులా, ప్రతి కర్రకూ ఒక సంచీ. గాలికి టపటపలాడుతూ కాకుల బారులా ఉన్నాయి. ఎక్కడా గుంపు జాడ లేదు. నేల మీద గిట్టల గుర్తు కూడా లేదు. కొంతదూరం పోయాక ఒక సంగతి గమనించాను. నేను వేగం తగ్గించడం మానేశాను. ఆ రోడ్డు మీద, టూవె. నేను.

ఆ వంపు దగ్గర ఆగాను. చూడటానికేమీ లేదు. గుంటలో నీళ్ళున్నాయి.

తాల్‌ట్రేస్క్ కొట్లో కిటికీ దగ్గర కాఫీ బల్లలు రెండున్నాయి, నీకు గుర్తుండే ఉంటుంది. కూర్చుని తాగుతుండగా యోవ్వా వచ్చాడు. మనిషి చిక్కిపోయాడు. నన్ను చూడలేదు. నేరుగా లోపలికెళ్ళి చెత్త సంచీల కట్ట ఒకటి తెచ్చి కౌంటరు మీద పెట్టాడు.

అక్కడ నిలబడ్డ దుంగల లారీ డ్రైవరు పళ్ళికిలించాడు. "మళ్ళీ సంచీలేనా యోవ్వా? పోయినేడు ఒక్కటి కట్టడానికి బద్ధకమైంది, ఇప్పుడు కొట్టు ఖాళీ చేస్తున్నావే!"

"నీ నోటికొకటి కట్టనా?" అన్నాడు యోవ్వా, తల తిప్పకుండానే.

"కట్టు కట్టు. అప్పుడన్నా ఒకటి కట్టావని పేపర్లో వేస్తారు."

బల్ల దగ్గరున్న ఇద్దరు ముసలాళ్ళు నవ్వారు. కొట్టావిడ చిల్లర అతని చేతిలో పెట్టలేదు, కౌంటరు మీద పెట్టింది. చిన్నప్పుడు ఆవిడా అతనూ ఒకే బెంచీ అట. అతను నాణేలు ఒక్కొక్కటే ఏరుకుని వెనక్కి తిరిగినప్పుడు నేను కనిపించాను.

"బార్బ్రూ మొగుడివి కదూ?"

"అవును."

"ఆ బండి నీదేనా బయట?"

"నాదే."

"అయితే నా అలంకారం చూసుకుంటూనే వచ్చుంటావు." సంచీల కట్ట చంకలో పెట్టుకుని బయటికి నడిచాడు. నేనూ లేచి వెళ్ళాను. వెనక నవ్వులు ఆగిపోయాయి. అద్దంలోంచి చూస్తున్నారు.

"ఎందుకట్లా కట్టావు?" అని అడిగాను. "గుంపు లేదు కదా."

"సంచీ లేదనకుండా కట్టాను."

"ప్రతి కర్రకా?"

"ప్రతి కర్రకే. ఏడాది పొడుగునా ఉంటాయి. చిరిగితే కొత్తది కడతా. ఇంక ఏ పేపరోడు వచ్చి ఫోటో తీసినా సంచీ పడుద్ది." ఉమ్మేశాడు. "ఇన్నాళ్ళూ గుంపు ఉంటేనే కట్టేవాణ్ణి. దాటగానే విప్పేవాణ్ణి. చలికి వేళ్ళు కొంకర్లు పోతున్నా విప్పేవాణ్ణి. మావాళ్ళే నవ్వేవాళ్ళు, యోవ్వా సంచీలు ఉతికి ఆరేసుకుంటాడ్రా అని. ఏమైంది? విప్పినోడు హంతకుడు. కట్టి మర్చిపోయినోళ్ళు పెద్దమనుషులు. ఇప్పుడు నేనూ పెద్దమనిషినే, ఏం?"

"ఇలాగైతే ఎవరూ చూసి ఆగరు. ఇంకొకళ్ళు చస్తారు."

"చావనీ," అన్నాడు. "సంచీ ఉందిగా."

ఇక్కడిదాకా చదివి నువ్వు అనుకుంటావు, ముసలాడు అబద్ధమాడాడు, నాన్న నమ్మేశాడు అని. అందుకే ఇప్పుడు నీ చివరి ప్రశ్నకు వస్తాను. దీన్ని ఇంతదాకా లాగాను. ఇక లాగలేను.

ఆ రోజు పొద్దున మేం గొడవపడలేదు. చెరువు పక్కన గుడారం విప్పుతున్నాం. దోమలు. మీ అమ్మ మంచి హుషారుగా ఉంది.

"నిన్న ఎన్ని సంచీలకు దణ్ణం పెట్టావు మాస్టారూ?"

"కనిపించిన ప్రతిదానికీ."

"అలా బ్రేకులేస్తూ పోతే నార్వే చేరేసరికి క్రిస్మస్ వస్తుంది. నేనిక్కడ పుట్టినదాన్నయ్యా. వాటి కింద రెయిన్‌డీర్‌ని చూసినవాడు ఇంకా పుట్టలేదు."

"ఏదో ఒకరోజు ఉంటుంది."

"ఆ రోజు నువ్వు ముందు పో."

"ఇవాళే పోనా?"

"వద్దులే బాబూ. నీ వెనక నడిపితే నిద్రొస్తుంది నాకు."

తను అక్కడ పుట్టింది, నిజమే. కానీ ఇరవయ్యేళ్ళప్పుడు వచ్చేసింది. తనకు తెలిసిన సంచీలు వేరే కాపరులవి, కట్టి వదిలేసేవాళ్ళవి. ఆ వసంతంలో ఆ రోడ్డు పక్క మేత యోవ్వా చేతికి వచ్చిందని తనకు తెలియదు, నాకూ తెలియదు.

కంకర మీద దగ్గరగా నడపరు. ముందువాళ్ళ దుమ్ము తినాలి, వాళ్ళ చక్రం ఎగరేసిన రాళ్ళు తగులుతాయి. కాబట్టి ఎడం ఉంచుకుంటాం. అయినా ఆ మధ్యాహ్నం ఆమె నాకు కనిపిస్తూనే ఉంది, వంపు దాకా. వంపుకు ముందు కర్రకు సంచీ ఉంది, టూవె.

ఉంది. కొత్త సంచీ. చీలికలు లేవు, వెలిసిపోలేదు. ఎండలో నిగనిగలాడుతోంది. అది పొద్దున కట్టిందేనని దూరం నుంచి నాకే తెలిసింది. మీ అమ్మ కళ్ళు నాకంటే మంచివి. ఆమె దాని పక్కనుంచి పోతూ ఎడమచెయ్యి ఎత్తి, హెల్మెట్‌కు తాకించి, ఆ సంచీకి సెల్యూట్ కొట్టింది. వెనక నేను చూస్తున్నానని. నన్ను ఏడిపించడానికి. కొట్టి, యాక్సిలరేటర్ తిప్పి, వంపు తిరిగింది. నేను బ్రేకు వేశాను.

అందుకే దూరంగా ఉన్నాను. ఇంకేమీ లేదు. ఆమె నవ్వుకుంటూ పోయింది, నేను జాగ్రత్తపడ్డాను.

ఆ తర్వాతది పోలీసు కాగితంలో ఉన్నంతే. దానికి నేను చేర్చేదేమీ లేదు. అందులో లేనిది ఒక్కటే రాస్తాను. ముందుగా వచ్చింది యోవ్వా. కోటు విప్పి ఆమె మీద కప్పాడు. అంబులెన్సు కోసం ఇద్దరం నిలబడ్డాం. గుంపు మెల్లిగా రోడ్డు దాటి చిత్తడిలోకి దిగిపోయింది. అప్పుడతను వెనక్కి నడిచి వెళ్ళి, ఆ కర్ర దగ్గర నిలబడి, సంచీ విప్పి, మడతపెట్టి జేబులో పెట్టుకున్నాడు. తను ఏం చేస్తున్నాడో తనకు తెలుసనుకోను. గుంపు దాటింది గనక విప్పాడు. నేనూ వెనకే నాలుగడుగులు వేసి చూస్తూ ఉన్నాను. పోలీసులు వచ్చేసరికి కర్ర ఖాళీ. ఆ పోలీసమ్మాయి జంతువు ఎటునుంచి వచ్చిందని అడిగింది. సంచీ గురించి అడగలేదు. నేను చెప్పలేదు.

మర్నాడు నువ్వొచ్చావు. వచ్చి గోడవైపు తిరిగి పడుకున్నావు. మంచినీళ్ళు కూడా తాగలేదు. హెన్నింగ్ చంటిదాన్ని నీ పక్కన పడుకోబెడితే దానివైపు కూడా చూడలేదు. ఆ మర్నాడు ఆ చోటు చూస్తానని పట్టుబట్టి వెళ్ళి, రోడ్డంతా నడిచి, "ఒక్కటి లేదు నాన్నా! ఒక్కటంటే ఒక్క సంచీ లేదు!" అని అరిచావు. ఆ సాయంత్రం రొట్టె తిన్నావు. పిల్లకు పాలిచ్చావు. పెన్ను అడిగావు.

ఆ కోపమే నిన్ను లేపి కూర్చోబెట్టింది. దాన్ని నీ చేతిలోంచి ఎలా లాక్కోను? లాక్కుంటే దాని బదులు ఏం పెట్టను? మీ అమ్మ సెల్యూటా?

ఇలా రాస్తే నీ కోసమే ఊరుకున్నట్టుంటుంది. పూర్తిగా అది నిజం కాదు. నోరు తెరిస్తే నాకు నేను కూడా చెప్పుకోవాల్సి వచ్చేది. నాకు యోవ్వా మీద కోపం లేదు. ఆ రోడ్డు మీద లేదు, ఆ మూగ జంతువు మీద లేదు. మీ అమ్మ మీద. ఏడాది కావస్తోంది, కొంచెం కూడా తగ్గలేదు. గ్యారేజీలోకి వెళ్ళినప్పుడు ఆ సొట్టపడ్డ ట్యాంకును తన్నాలనిపిస్తుంది. ఒకసారి తన్నాను కూడా. చూడటానికి వచ్చినవాళ్ళు, "తనకిష్టమైన పని చేస్తూ పోయింది, అదృష్టవంతురాలు" అంటారు. ఆవిడకు చాలా ఇష్టాలుండేవి. చీజ్ వేసిన కాఫీ కూడా ఇష్టమే. దాని కోసం ఎవరూ పోనవసరం లేదు. ఒక్క వంపు మెల్లిగా తిరిగి ఉంటే ఆ సాయంత్రం నా జాగ్రత్త మీద ఇంకో పది జోకులు వేసేది. నేను పడేవాణ్ణి. నేను చెప్పింది నిజమైంది. అలా నిజమవడం వల్ల నాకు ఒరిగిందేమిటో ఎవరన్నా చెబితే వింటాను.

ఇదంతా కొట్టు బయట యోవ్వాతో చెప్పలేదు. "నువ్వు కట్టావు. నేను చూశాను. విప్పడమూ చూశాను," అన్నాను, అంతే.

అతను సంచీల కట్టను ఒక చంకలోంచి రెండో చంకలోకి మార్చుకున్నాడు. తర్వాత, "చూశావని నాకు తెలుసు," అన్నాడు. "నా వెనకే నిలబడ్డావుగా. ఈ మాట చెప్పడానికి ఒక చలికాలం పట్టిందా నీకు?"

"పట్టింది."

"నా కొడుకు ఈ కొట్లోకి రావడం మానేశాడు. అరవై మైళ్ళు పోయి ఉప్పు కొనుక్కొస్తున్నాడు."

"పేపరుకు రాస్తాను."

"మీ అమ్మాయో?"

"తనకు ముందు రాస్తాను."

"రాయి," అన్నాడు. కృతజ్ఞత ఏమీ లేదు ఆ గొంతులో. ఉండాల్సిన పనీ లేదు. సంచీలు విప్పుతావా అని అడిగాను. "అచ్చులో చూశాక ఆలోచిస్తా. నీ మాట మీద విప్పడానికి నువ్వేమన్నా మా పాస్టరువా?" అని బండెక్కి పోయాడు. పోతూ పోతూ ఆగి, కొట్టుకు కాస్త అవతల ఖాళీగా ఉన్న కర్రకు కూడా ఒకటి కట్టాడు. నేను చూస్తుండగానే.

కాబట్టి సంతకం పెట్టను. కాగితాలు ఈ కవరులోనే తిరిగి పంపుతున్నాను.

పేపరుకు రాసింది నా బల్ల మీదుంది. వచ్చే వారం పంపుతాను. నువ్వు జవాబు రాసినా పంపుతాను, రాయకపోయినా పంపుతాను. ఈలోగా నీ ఉత్తరం నువ్వే వెనక్కి తీసుకుంటానంటే ముందు నీది రానిస్తాను. నువ్వు చూసినదాన్ని బట్టి రాశావు, ఖాళీ కర్రలు చూశావు, ఆ మాట అందరూ ఒప్పుకుంటారు. తెలిసి నోరు మూసుకున్నది నేను, అది నా ఉత్తరంలో మొదటి వాక్యంలోనే ఉంది. సంచీ ఉంది, బార్బ్రూ దాన్ని చూసింది, నేనూ చూశాను అని రాశాను. సెల్యూట్ సంగతి రాయలేదు. అది మనింటిది, మనింట్లోనే ఉండనీ.

హెన్నింగ్‌కు నా ఆశీస్సులు. చంటిదానికి పళ్ళు వచ్చాయని రాశావు, సంతోషం.

ఇది చదివాక నీకు కోపం వస్తుంది. రేపో, ఎల్లుండో, అది యోవ్వాను వదిలి ఎక్కడికి పోతుందో నాకు తెలుసు. పోనీ. దాన్ని లోపల దాచుకుని, చనిపోయినవాళ్ళని అనకూడదని నీకు నువ్వే చెప్పుకుంటూ నాలాగా గడపకు. తీసుకొచ్చి నా మీద చూపించు. నాకైతే చూపించడానికి మనిషి లేకుండా పోయింది. నీకు నేనున్నాను.

ఇట్లు,
నీ నాన్న
స్తూరె